ఇంజిన్ తప్పా, ఛాసిస్ తప్పా: ఫార్ములా వన్‌లో తేలేదెలా

2019 ఫార్ములా వన్ సీజన్ ముగిసేసరికి మెర్సిడెస్ ఖాతాలో 739 పాయింట్లున్నాయి. 21 రేసుల్లో 15 ఆ జట్టే గెలిచింది. అదే ఏడాది విలియమ్స్ జట్టుకు వచ్చింది ఒకే ఒక్క పాయింటు. అది కూడా జర్మనీ రేసు అయిపోయాక, ముందున్న రెండు ఆల్ఫా రోమియో కార్లకు పెనాల్టీ పడటంతో కలిసొచ్చిందే. అయితే ఈ రెండు జట్ల కార్లలో ఉన్నది ఒకే ఇంజిన్. ఇంగ్లండ్‌లోని బ్రిక్స్‌వర్త్‌లో మెర్సిడెస్ తయారుచేసిన ఇంజినే ఛాంపియన్‌నీ మోసింది, ఆఖరివాణ్నీ మోసింది.

అలాగని ఇంజిన్‌దేముంది, అంతా కారు డిజైన్‌లోనే ఉందనుకుంటే తొందరపడినట్టే. ఇదే విలియమ్స్ 2013లో రెనో ఇంజిన్‌తో 5 పాయింట్లు తెచ్చుకుని తొమ్మిదో స్థానంలో నిలిచింది. 2014లో కొత్త రూల్స్ వచ్చాయి, మెర్సిడెస్ ఇంజిన్ వచ్చింది, 320 పాయింట్లతో ఏకంగా మూడో స్థానానికి ఎగబాకింది. ఒక జట్టు కథలోనే రెండు వాదనలకూ సాక్ష్యం దొరుకుతోందన్నమాట. అందుకే ఈ గొడవ ఎప్పటికీ తెగదు. ఓడినప్పుడు ఇంజిన్ బాగాలేదనడం, గెలిచినప్పుడు మా కారు సూపర్ అనడం జట్లకూ అలవాటే, అభిమానులకూ అలవాటే.

నా ఉద్దేశంలో ఎవరు గెలిచారో చూస్తే ఈ లెక్క తేలదు. ఒకే ఇంజిన్‌ను పంచుకునే జట్లను పక్కపక్కన పెట్టి చూడాలి. వాటన్నిటి దశా ఒకేసారి మారితే అది ఇంజిన్ పని. ఒకటి పైకీ ఇంకొకటి కిందికీ పోతుంటే ఛాసిస్ పని. ఇది మొరటు కొలతే కానీ బయట కూర్చుని చూసే మనకు ఇంతకంటే మంచిది దొరకదు.

ముందు ఏది ఎందులోకి వస్తుందో చూద్దాం. ఫార్ములా వన్ వాళ్లు ఛాసిస్ అంటే డ్రైవర్ కూర్చునే కార్బన్ ఫైబర్ తొట్టి ఒక్కటే కాదు. వింగ్‌లు, ఫ్లోర్, సస్పెన్షన్, సైడ్‌పాడ్‌లు (రేడియేటర్లుండే రెండు పక్కల భాగాలు), ఇంజిన్ కాక మిగిలిందంతా అందులోకే వస్తుంది. ఇంజిన్ వైపు 2014 నుంచి 2025 దాకా ఉన్నది 1.6 లీటర్ల వీ6 టర్బో. దానికి తోడు బ్యాటరీ, రెండు మోటార్ జనరేటర్లు. ఒకటి బ్రేక్ వేసినప్పుడు కరెంటు తీసి తిరిగి 120 కిలోవాట్ల వరకు చక్రాలకు ఇచ్చేది. రెండోది టర్బోకు తగిలించి, పొగగొట్టంలో వృథాగా పోయే వేడి నుంచి కరెంటు రాబట్టేది. ఈ రెండోదే ఎంతోమంది ఇంజనీర్లకు నిద్ర లేకుండా చేసింది.

ఇక పైన చెప్పిన కొలతను ఫెరారీ మీద పెట్టి చూద్దాం. 2019లో ఫెరారీ మలుపుల్లేని స్ట్రెయిట్‌ల మీద అందరినీ ఊదేసింది. బెల్జియంలోని స్పాలో ఫెరారీ డ్రైవర్ ఛార్ల్స్ లెక్లెర్ పోల్ (అందరికంటే ముందు నిలబడి రేసు మొదలుపెట్టే చోటు) కొట్టి, రేసూ గెలిచాడు. ప్రత్యర్థులు అనుమానపడ్డారు, ఫార్ములా వన్ రూల్స్ పెట్టే సంస్థ ఎఫ్ఐఏ విచారించింది. 2020 ఫిబ్రవరి చివర్లో ఫెరారీతో ఒప్పందం కుదిరిందని, వివరాలు బయటపెట్టబోమని ప్రకటించింది. ఫెరారీ ఇంజిన్ వాడని ఏడు జట్లు దీనిమీద బహిరంగంగానే మండిపడ్డాయి. ఆ ఏడాది ఫెరారీ ఆరో స్థానానికి పడిపోయింది. ముందటి ఏడాది గెలిచిన స్పాలోనే దాని రెండు కార్లూ 13, 14 స్థానాల్లో వచ్చాయి. వాటికి ఒక మెట్టు పైన, 12లో ఉన్నది ఎవరు? ఫెరారీ దగ్గర ఇంజిన్ కొనుక్కున్న ఆల్ఫా రోమియోలో కిమీ రైకోనెన్. సీజన్ మొత్తం మీద ఆల్ఫాకు 8 పాయింట్లు, ఇంకో కస్టమర్ హాస్‌కు 3. మూడు జట్లు వేర్వేరు చోట్ల వేర్వేరు కార్లు తయారుచేసుకుని ఒకేసారి నెమ్మదించాయంటే, ఆ ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్నదాన్నే అనుమానించాలి. ఒప్పందంలో ఏముందో ఎఫ్ఐఏ చెప్పకపోయినా పాయింట్ల పట్టిక చాలావరకు చెప్పేసింది.

అసలు ప్రత్యర్థులకు అనుమానం ఎలా వచ్చింది? ట్రాక్ మీద ప్రతి కారు ఏ క్షణాన ఎంత వేగంతో ఉందో చూపించే జీపీఎస్ డేటా అన్ని జట్లకూ అందుతుంది. టీవీలో మనకు టాప్ స్పీడ్ చూపించి ఊరిస్తారు గానీ ఇంజనీర్లు దానికి పెద్దగా విలువివ్వరు. గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. దాన్ని చీల్చుకుపోవడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పాటు పెరుగుతుంది. గంటకు 150 కిలోమీటర్ల నుంచి 300కు వెళ్తే నిరోధం నాలుగింతలవుతుంది, పవర్ ఎనిమిదింతలు కావాలి. కాబట్టి స్ట్రెయిట్ చివర ఒక కారు 5 కిలోమీటర్లు ఎక్కువ చూపిస్తోందంటే అది ఇంజిన్ గొప్ప కావచ్చు, వెనక వింగ్ చిన్నది పెట్టుకుని ఉండొచ్చు. మలుపు దాటాక టైర్లకు పట్టు దొరికి, గాలి ఇంకా పెద్దగా అడ్డుపడని వేగంలో ఎవరు ఎంత జోరుగా పికప్ అందుకుంటున్నారన్నది ఇంజిన్ గురించి ఎక్కువ చెబుతుంది. స్ట్రెయిట్ మీద వేగం పెరిగే గీతలో మొదటి భాగం నుంచి పవర్ అంచనా కట్టి, చివరి భాగం నుంచి డ్రాగ్, అంటే గాలి నిరోధం, అంచనా కడతారు. అప్పుడు కూడా తిప్పలు తప్పవు. ఎదుటి కారులో పెట్రోలు ఎంతుందో తెలియదు. ఇంజిన్‌ను ఏ మోడ్‌లో నడుపుతున్నారో తెలియదు. బ్యాటరీని ఎక్కడ ఖర్చుపెడుతున్నారో ఊహించాలి. శుక్రవారం ప్రాక్టీసులో అందరూ కాస్త తగ్గించుకునే నడుపుతారు, కాబట్టి శుక్రవారం అంచనాలు నమ్మితే శనివారం మధ్యాహ్నం, రేసులో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో ఖంగుతినాల్సిందే.

ట్రాక్ కూడా లెక్క మారుస్తుంది. 2018 మొనాకోలో డేనియల్ రికార్డో రెడ్‌బుల్ కారులో సగం రేసు కూడా కాకముందే ఆ 120 కిలోవాట్ల మోటార్ పాడైంది. సుమారు 160 హార్స్‌పవర్ గల్లంతు. అయినా వెనక ఉన్న సెబాస్టియన్ వెటెల్‌ను దాటనివ్వకుండా గెలిచాడు. అదే మోటార్ ఇటలీలోని మోంజాలో పోయుంటే ఏ రెండు మూడు ల్యాపుల్లోనో అందరూ దాటేసి పోయేవాళ్లు. మోంజాలో ల్యాప్‌లో మూడొంతులకు పైగా ఫుల్ థ్రాటిల్‌లోనే గడుస్తుంది మరి.

ఇప్పుడు అందరికీ తెలిసిన మెక్‌లారెన్-హోండా గొడవకు వద్దాం. 2015లో ఈ జోడీ మళ్లీ కలిసినప్పుడు పాత వైభవం తిరిగొస్తుందనుకున్నారు. తొమ్మిదో స్థానం వచ్చింది. హోండా సొంత సర్క్యూట్ సుజుకాలో, హోండా పెద్దలు చూస్తుండగా, ఫెర్నాండో అలోన్సో రేడియోలో ఇది జీపీ2 ఇంజిన్ అని అరిచాడు. ఫార్ములా వన్ కంటే కింది తరగతి రేసింగ్ ఇంజిన్ అని దానర్థం. జపాన్‌లో ఆ మాట ఎంత అవమానంగా తగిలి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మూడేళ్లు ఇలాగే గడిచాయి. మా ఛాసిస్ అందరికంటే మెరుగైన వాటిలో ఒకటి, ఇంజినే ముంచుతోంది అన్నది మెక్‌లారెన్ పాట. హోండా దగ్గర ఆ రోజుల్లో ఇంజిన్ కొన్న జట్టు ఇంకొకటి లేదు కాబట్టి కాదనడానికి ఎవరి చేతిలోనూ ఆధారం లేదు.

2018లో హోండాను వదిలి రెనో ఇంజిన్ తీసుకున్నారు. రెడ్‌బుల్ కూడా అదే రెనో ఇంజిన్‌తో నడుస్తోంది, పైన ట్యాగ్ హ్యూయర్ పేరు అంటించుకుని. సీజన్ చివరికి రెడ్‌బుల్‌కు 419 పాయింట్లు, మెక్‌లారెన్‌కు 62. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మెక్‌లారెన్‌కు అంటగట్టడానికి ఆ ఏడాది చాలామందికి అవకాశం దొరికింది. పూర్తిగా న్యాయమైన మాట కాదు. హోండా ఇంజిన్ నిజంగానే బలహీనంగా ఉండేది, తరచూ ఆగిపోయేది. కాకపోతే ఆ బలహీనతలో మెక్‌లారెన్ వాటా కూడా ఉంది, ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా అనిపించేది అదే.

మెక్‌లారెన్ కారు వెనక భాగం వీలైనంత సన్నగా, బిగుతుగా ఉండాలని పట్టుబట్టింది. సైజ్ జీరో అని దానికి పేరు కూడా పెట్టుకున్నారు. వెనక సన్నగా ఉంటే డిఫ్యూజర్ (ఫ్లోర్ వెనక చివర పైకి లేచే భాగం) మీదుగా గాలి శుభ్రంగా పోయి, కారును నేలకు అదిమే డౌన్‌ఫోర్స్ పెరుగుతుంది. ఆ కొలతల్లో ఇమడటానికి హోండా, టర్బోలో గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపే కంప్రెసర్‌ను కుదించి, వీ ఆకారంలో ఉన్న రెండు సిలిండర్ వరసల మధ్య దూర్చింది. అక్కడున్న చోటే కంప్రెసర్ సైజుకు హద్దయింది. టర్బో చిన్నదైతే పొగ నుంచి రాబట్టే కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే స్ట్రెయిట్ సగంలోనే బ్యాటరీ సాయం అయిపోతుంది. జనం తిట్టింది ఇంజిన్‌ను, కానీ దాన్ని ఆ సైజుకు బిగించింది ఛాసిస్ వాళ్ల కోరిక. 2017లో హోండా అమరికంతా మార్చుకుని మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది, కొత్త తలనొప్పులూ తెచ్చుకుంది. 2018లో రెడ్‌బుల్ వాళ్ల రెండో జట్టు టోరో రోస్సోతో ఒత్తిడి లేకుండా ఒక ఏడాది గడిపి, 2019లో రెడ్‌బుల్‌కు చేరి ఆస్ట్రియాలో గెలిచింది. 2006 తర్వాత హోండాకు అదే మొదటి గెలుపు. 2021లో మాక్స్ వెర్‌స్టాపెన్ ఛాంపియన్ అయ్యాడు, హోండా ఇంజిన్‌తోనే.

మెర్సిడెస్ 2014లో చేసింది దీనికి సరిగ్గా తిరగేసిన పని. టర్బోలో కంప్రెసర్‌ను ఇంజిన్ ముందుకీ, పొగతో తిరిగే టర్బైన్‌ను వెనక్కీ విడదీసి, మధ్యలో షాఫ్ట్ నడిపింది. వేడెక్కే భాగానికి కంప్రెసర్ దూరంగా ఉండటంతో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ చిన్నదైంది. అది చిన్నదైతే సైడ్‌పాడ్‌లు చిన్నవవుతాయి. బ్రిక్స్‌వర్త్ ఇంజిన్ వాళ్లూ, బ్రాక్లీలో కారు తయారుచేసే వాళ్లూ ముందునుంచీ కూర్చుని మాట్లాడుకోవడం వల్ల ఇది కుదిరింది. ఇంజిన్ కొనుక్కునే జట్టుకు ఈ సౌకర్యం ఉండదు. ఎదుటివాడు ఇచ్చిన కొలతల చుట్టూ కారు అల్లుకోవాల్సిందే. ఆ ఏడాది మెర్సిడెస్ 19లో 16 రేసులు గెలిచింది.

ఇంజిన్, ఛాసిస్ ఒకదానికొకటి ముడిపడటం నిన్నా మొన్నటి సంగతి కాదు. 1967లో ఫోర్డ్ ఇచ్చిన లక్ష పౌండ్లతో కాస్వర్త్ సంస్థలో కీత్ డక్‌వర్త్ తయారుచేసిన డీఎఫ్‌వీ వీ8 ఇంజిన్‌ను లోటస్ అధిపతి కాలిన్ ఛాప్‌మన్ ఫ్రేములో కూర్చోబెట్టలేదు. తొట్టి వెనక నేరుగా బోల్టులతో బిగించి, వెనక సస్పెన్షన్‌ను ఇంజిన్‌కే తగిలించాడు. ఇంజినే ఛాసిస్‌లో సగమైంది. నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో మొదటి రేసులోనే జిమ్ క్లార్క్ గెలిచాడు. ఆ తర్వాత డబ్బు కట్టిన ప్రతి జట్టుకూ డీఎఫ్‌వీ దొరికింది. 1969లో, 1973లో ఛాంపియన్‌షిప్ రేసులన్నీ ఆ ఇంజినే గెలిచింది. అందరి దగ్గరా ఒకే ఇంజిన్ ఉంటే పోటీ ఎక్కడికి పోతుంది? ఛాసిస్‌కి. కారు అడుగున గాలి సొరంగాలు పెట్టి నేలకు అతుక్కునేలా చేసే గ్రౌండ్ ఎఫెక్ట్ లోటస్ 78, 79 కార్లలో పుట్టింది అలాగే.

ఈ సొరంగాలు ఫెరారీ కొంప ముంచాయి. వాళ్ల 12 సిలిండర్ల ఇంజిన్ పవర్‌లో డీఎఫ్‌వీ కంటే మెరుగే. కానీ సిలిండర్లు రెండు పక్కలకీ పడుకున్నట్టుండే వెడల్పాటి ఇంజిన్ అది. సొరంగం రావాల్సిన చోట సిలిండర్ హెడ్ అడ్డం. 1979లో ఎలాగో టైటిల్ కొట్టారు గానీ, 1980 నాటికి మిగతా జట్లు ముందుకెళ్లిపోయాయి. టైటిల్ నిలబెట్టుకోవాల్సిన జోడీ షెక్టర్‌కు ఆ ఏడాదంతా 2 పాయింట్లు, ఫెరారీకి పదో స్థానం. అప్పుడు ఇంజిన్ మార్చి 1981లో వీ6 టర్బో తెచ్చారు. ఈసారి ఇంజిన్ బ్రహ్మాండం, ఛాసిస్ ఘోరం. చివరికి హార్వే పోసల్‌త్వైట్ అనే ఇంగ్లిష్ డిజైనర్ గీసిన కారుతో 1982లో జట్ల టైటిల్ గెలిచారు. మూడేళ్లలో తప్పు ఒక వైపు నుంచి ఇంకో వైపుకు దూకి, ఆపైన సర్దుకుంది.

రెడ్‌బుల్ అయితే ఇంజిన్‌ను ఏరోడైనమిక్ పరికరంగానే వాడుకుంది. 2010 నుంచి 2013 వరకు నాలుగు టైటిళ్లు గెలిచిన రెనో వీ8 పవర్‌లో అందరికంటే ముందున్న ఇంజిన్ కాదు. రెడ్‌బుల్ డిజైనర్ ఏడ్రియన్ న్యూయీ దాని పొగను డిఫ్యూజర్ అంచుకు మళ్లించాడు. డ్రైవర్ యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసేసినా పొగ ఆగకుండా రెనో వాళ్లు ఇంజిన్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చారు. మలుపులో బ్రేక్ వేస్తున్నప్పుడు కూడా డౌన్‌ఫోర్స్ తగ్గేది కాదు. ఇప్పుడు చెప్పండి, ఆ ల్యాప్ టైమ్ ఛాసిస్ ఖాతాలో వేయాలా, ఇంజిన్ ఖాతాలోనా?

ఎక్కడ డబ్బు పెడితే ఎక్కువ ఫలితం అన్నది చివరికి రూల్స్ చేతిలో ఉంటుంది. 2014లో హైబ్రిడ్ ఇంజిన్లు వచ్చినప్పుడు, ఏడాదికి ఇన్ని మార్పులే చేయాలని టోకెన్ల పద్ధతి పెట్టారు. వెనకబడ్డవాడు పుంజుకోవడం కష్టమైపోయింది, 2017లో దాన్ని ఎత్తేశారు. 2022 నుంచి 2025 దాకా ఇంజిన్ అభివృద్ధినే ఆపేశారు. నమ్మకంగా పనిచేయడం కోసం రిపేర్ లాంటి మార్పులకు అనుమతి ఉండేది గానీ పవర్ పెంచుకోవడానికి కాదు. ఇంకోవైపు 2021లో జట్ల ఖర్చుకు 14.5 కోట్ల డాలర్ల పరిమితి వచ్చింది, తర్వాత ఇంకా తగ్గింది. కారు మీద గాలి ఎలా పారుతుందో పరీక్షించే విండ్ టన్నెల్ సమయాన్ని కూడా తిరగేసి పంచారు: ఛాంపియన్‌కు నిర్ణీత సమయంలో 70 శాతం, ఒక్కో స్థానం దిగితే 5 శాతం ఎక్కువ, పదో స్థానానికి 115 శాతం.

దీని ఫలితమే మెక్‌లారెన్ తిరుగు ప్రయాణం. 2023 మొదటి రేసు బహ్రెయిన్‌లో లాండో నోరిస్ కారు ఇంజిన్‌లో గాలి పీడనం లీకై పదేపదే పిట్‌లోకి వచ్చి నింపించుకుంది, ఆస్కార్ పియాస్త్రి కారు ఆగిపోయింది. ఆ జూలైలో ఆస్ట్రియాకు కొత్త సైడ్‌పాడ్‌లు, కొత్త ఫ్లోర్ తెచ్చారు. అక్కడినుంచి కారు వేరే కారే. ఇంజిన్ మాత్రం అదే మెర్సిడెస్ ఇంజిన్, ఫ్రీజ్ అయిపోయిందే. 2024లో 666 పాయింట్లతో జట్ల టైటిల్ గెలిచారు, 1998 తర్వాత మొదటిసారి. ఆ ఇంజిన్ తయారుచేసిన మెర్సిడెస్ 468 పాయింట్లతో నాలుగో స్థానం. 2025లో మెక్‌లారెన్ జట్ల టైటిల్, డ్రైవర్ల టైటిల్ రెండూ పట్టుకుపోయింది. కొనుక్కున్న ఇంజిన్‌తో యజమానిని ఓడించడం 2014లో ఊహకందని మాట. ఇంజిన్ ఏళ్ల తరబడి మారకపోవడమే కారణమని నాకనిపిస్తుంది. కొలతలు ముందే తెలిసిపోయాక, సొంత ఇంజిన్ ఉన్న జట్టుకు మిగిలే లాభం బాగా తగ్గిపోతుంది.

ఇదే తమాషా హైదరాబాద్‌లోనూ జరిగింది, కాకపోతే తలకిందులుగా. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన కరెంటు కార్ల ‘ఫార్ములా ఈ’ రేసులో అన్ని జట్లకూ ఛాసిస్ ఒకటే, బ్యాటరీ ఒకటే. కంపెనీలు తయారుచేసుకునేది వెనక మోటారు, ఇన్వర్టర్, గేర్‌బాక్స్, సాఫ్ట్‌వేర్. బయటికి అన్నీ ఒకేలా కనిపించడంతో ఏ కారు ఎవరిదో గుర్తుపట్టడం కొత్తగా చూసేవాళ్లకు కష్టమే. ఆ రోజు జాగ్వార్ జట్టు కార్లు రెండూ హెయిర్‌పిన్ మలుపులో ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. జాగ్వార్ దగ్గర మోటారు కొనుక్కున్న ఎన్విజన్ జట్టు డ్రైవర్ నిక్ కాసిడీ రెండో స్థానంలో వచ్చాడు. గెలిచింది డీఎస్ పెన్‌స్కీ జట్టు జాన్-ఎరిక్ వెర్న్. సీజన్ చివర్లో జట్ల టైటిల్ ఎన్విజన్‌కు, రెండో స్థానం జాగ్వార్‌కు. ఛాసిస్ అందరికీ ఒకటే, మోటారూ ఆ రెండు జట్లకు ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడినుంచి వచ్చిందంటే సెటప్, ఎనర్జీని పొదుపుగా వాడటం, డ్రైవర్లు, కాస్త అదృష్టం.

2026 రూల్స్ మళ్లీ ఇంజిన్‌ను ముందుకు తెచ్చాయి. పొగ నుంచి కరెంటు తీసే జనరేటర్ పోయింది. వెనక చక్రాల మోటారు 120 నుంచి 350 కిలోవాట్లకు పెరిగింది, అంటే మొత్తం పవర్‌లో దాదాపు సగం కరెంటుదే. దాంతో వింగ్‌లు కూడా స్ట్రెయిట్ మీద పడుకునేలా, మలుపులో లేచేలా మార్చాల్సి వచ్చింది. లేకపోతే బ్యాటరీ సగం దారిలోనే చేతులెత్తేస్తుంది. మెర్సిడెస్ ఇంజిన్ నాలుగు జట్లకు వెళ్తోంది: మెర్సిడెస్, మెక్‌లారెన్, విలియమ్స్, ఆల్పీన్. ఫెరారీది మూడింటికి: ఫెరారీ, హాస్, కొత్తగా వచ్చిన క్యాడిలాక్. ఫోర్డ్‌తో కలిసి రెడ్‌బుల్ సొంతంగా తయారుచేసుకున్నది తన రెండు జట్లకు. ఈ జట్లలో ఎవరు నెమ్మదించినా కారణం తేల్చడానికి పోల్చుకునే కారు ఒకటైనా ఉంటుంది. హోండా ఇంజిన్ ఆస్టన్ మార్టిన్‌కు మాత్రమే, ఆడీ ఇంజిన్ ఆడీకి మాత్రమే. అక్కడ తేడా వస్తే బయటివాళ్లకు సాక్ష్యం దొరకదు.

ఈసారి ఎఫ్ఐఏ ఒక పని చేసింది. ప్రతి కంపెనీ పెట్రోల్ ఇంజిన్ పవర్‌ను సీజన్ మధ్యమధ్యలో తనే అంచనా వేసి, అందరికంటే మెరుగైనదానికి 2 శాతానికి మించి వెనకబడ్డ కంపెనీకి అదనంగా మార్పులు చేసుకునే వీలు కల్పిస్తుంది. ఫలానా ఇంజిన్ వెనకబడిందని చెప్పడానికి జట్ల ఏడుపులు కాకుండా ఒక అధికారిక కొలత ఉంటుంది. అయితే ఆ కొలతలోకి వచ్చేది పెట్రోల్ ఇంజిన్ ఒక్కటే. మిగతా సగం, అంటే బ్యాటరీని ఏ మలుపు తర్వాత ఎంత ఖర్చుపెట్టాలి, ఎక్కడ నింపుకోవాలి అనేది అందులోకి రాదు. ఆ సగంలో సాఫ్ట్‌వేర్ ఉంది, కారు డ్రాగ్ ఉంది, బ్రేకుల పనీ ఉంది. ఇంజిన్ వాళ్లూ ఛాసిస్ వాళ్లూ ఇకమీదట ఒకరినొకరు వేలెత్తి చూపించుకునేది దాని గురించే.